గుహలో మా ఆవిడ సాక్సులు

నమ్మనివాళ్ళెవరైనా ఉంటే ఇప్పుడే చెయ్యెత్తండి. మధ్యలో లేచి "అదెలా కుదురుతుందండీ రావుగారూ?" అంటే మాత్రం నేను ఊరుకోను! ఢిల్లీ పక్కన వైశాలిలో మా సొసైటీ పార్కులో, ఆదివారం ఎండలో, టీ గ్లాసు చేత పట్టుకుని నేను చెప్పిన కథల్లో అబద్ధమని తేలింది ఇంతవరకూ ఒక్కటీ లేదు. తేల్చడానికి ఎవరూ అంతదూరం వెళ్ళలేదు, అది వేరే సంగతి. కానీ ఈ ఒక్క కథ విన్నాక మీరే అంటారు, "అయ్యో, ఇది అబద్ధమైతే బాగుండేది" అని. ఊరికి తిరిగొచ్చి మూడు వారాలైంది, నేనూ అదే అనుకుంటున్నాను.

మధ్య అమెరికాలో బెలీజ్ అని ఒక చిన్న దేశం ఉంది. మన ఘజియాబాద్ జనంలో పిడికెడు మంది కూడా ఉండరు. అక్కడికెళ్ళిన వాళ్ళందరూ సముద్రం ఒడ్డున పడుకుంటారట. మేం సముద్రానికి వీపు చూపించి, వ్యానెక్కి, లోపలికి అడవిలోకి పోయాం. పాతకాలపు మాయా నాగరికతవాళ్ళ గుళ్ళు, పిరమిడ్లు, గుహలు అన్నీ ఆ లోపలే ఉన్నాయి మరి!

కోరిక నాది కాదు, మా ఆవిడది. ఢిల్లీలో తెలుగు పిల్లల బడిలో ముప్పై ఏళ్ళు చరిత్ర చెప్పింది. పదకొండో క్లాసులో మాయావాళ్ళ పాఠం వస్తే చాలు, గంట కొట్టినా వదిలేది కాదట. పిల్లలు చాటున "మాయా మేడమ్" అని పిలుచుకునేవాళ్ళు. రిటైరైన రోజున ఇంటికొచ్చి, మెడలో పూలదండ తియ్యకుండానే అంది: "ఏవండీ, అక్కడొక గుహ ఉంది. దేవతలకి బలిచ్చిన మనిషి ఎముకలు వెయ్యేళ్ళ పైనుంచి అలాగే ఉన్నాయట. పైనుంచి కారిన నీళ్ళలోని సున్నం పేరుకుని, దీపం పడితే పటికబెల్లంలా మెరుస్తాయట. ఒక్కసారి చూడాలండీ."

పెళ్ళయి నలభై ఏళ్ళు. ఆవిడ అడిగిన మొదటి కోరిక ఇదని అనను. అడిగినవాటిల్లో నేను విన్నది మొదట ఇదే.

సరే, వెళ్ళాం. మొదటిరోజు పిరమిడ్. రెండొందల మెట్లు, ఒక్కొక్కటి మోకాలెత్తు, ఒక్క ఊపిరిలో ఎక్కేశాను! ("నూట ముప్పై అండీ, మధ్యలో మూడుసార్లు కూర్చున్నారు" అని మా ఆవిడ అక్కడే అంది. చరిత్ర టీచర్లతో ఇదే బాధ.) పైన నిలబడగానే అడవిలోంచి ఒక గర్జన! భూమి అదిరింది. తెల్లవాళ్ళందరూ బిక్కచచ్చిపోయారు. నేను మాత్రం మా ఆవిడకి అడ్డంగా నిలబడి, గొడుగు ఎత్తి, "రా పులీ!" అన్నాను. తీరా చూస్తే చెట్టు మీద నల్లకోతి. అరిచే కోతులట, ఆ దేశంలో ప్రసిద్ధి. కోతులతో నాకేం భయమండీ? ముప్పై రెండేళ్ళు సెంట్రల్ గవర్నమెంటులో పనిచేశాను. మా ఆఫీసు కిటికీలోంచి కోతి చెయ్యిపెట్టి, నా లంచ్ డబ్బా తీసుకుని, మూత మాత్రం తిరిగిచ్చింది. అంతటి పరిచయం!

ఇక రెండోరోజు, గుహ.

అసలు తప్పు పొద్దున్నే బసలో జరిగింది. టూరువాళ్ళు ముందే మెయిల్ పెట్టారు: నీళ్ళలో తడిసినా పాడవని బూట్లు, సాక్సులు తప్పనిసరి. మా ఆవిడ ఢిల్లీలో ఉండగానే కరోల్ బాగ్ పోయి, బేరమాడి, గోధుమరంగు సాక్సులు తనకో జత, నాకు రెండు జతలు తెచ్చింది. నావి రెండూ నేను ఆ పొద్దున సంచిలోంచి తీసి మంచం మీద పడేశాను. ఎందుకంటారా? జంతికల డబ్బా పట్టలేదు.

"సాక్సులు వేసుకున్నారా?" అంది.

"ఎందుకూ?"

"లోపల బూట్లు విప్పాలట. సాక్సులు మాత్రం ఉండాలిట."

"పిచ్చిదానా! బూట్లు విప్పేచోట సాక్సులుంటాయా? అది దేవతల గుహ అన్నావు. అంటే గుడి. తిరుమలలో సాక్సులతో లోపలికి పోతామా? వాళ్ళు మెయిల్ తప్పుగా రాసుంటారు. రూల్సు చదవడం నాకు నేర్పకు."

ఆవిడ వంగి తన సాక్సులు తొడుక్కుంది. టీచర్లంతే, పరీక్షలో తప్పు రాస్తున్నవాణ్ణి మధ్యలో ఆపరు.

మొత్తం ఎనిమిది మందిమి. మేమిద్దరం, కెనడా నుంచి వచ్చిన మొగుడూ పెళ్ళాం, నలుగురు కాలేజీ ఆడపిల్లలు. గైడు పేరు ఎర్నెస్తో. నలభై ఏళ్ళుంటాయి, ఆ మాయావాళ్ళ సంతతే. తోడుగా ఆయన చెల్లెలు మార్తా. వ్యానులో దారిపొడుగునా నేను గోదావరి ఈదిన కథ చెప్పాను. వరద గోదావరి, రాజమండ్రి దగ్గర, అటు ఒడ్డు కనపడని రోజు! ఆడపిల్లలు నోళ్ళు తెరిచి విన్నారు. గుహ ముఖద్వారంలో నిండా నీళ్ళు, ఈదాలి. అందరికీ లైఫ్ జాకెట్ ఇచ్చారు. నేను జాకెట్ వేసుకుని, పైగా ఎర్నెస్తో వీపుసంచి రెండుచేతులా పట్టుకుని, గోదావరి ఈదినట్టే ఈదాను. మా ఆవిడ వెనకాల నవ్విన చప్పుడు గుహంతా మారుమోగింది. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు ఎక్కడో కలుక్కుమంటుంది.

నడుంలోతు నీళ్ళలో గంటసేపు నడిచాం. నెత్తిన హెల్మెట్, దానికో లైటు. ఆవిడకి అరవై నిండాయి, మోకాళ్ళ నొప్పులు. అయినా ఒక్క చోట కూడా "ఇక నావల్ల కాదు" అనలేదు. చివరికి ఒక పెద్ద బండ మీదికి ఎక్కించి ఎర్నెస్తో అన్నాడు: "ఇక్కడ బూట్లు విప్పండి. పైన చోటు ఇరుకు. నలుగురు ముందు, నలుగురు తరువాత."

నేను ఠపీమని బూట్లు విప్పి, ఉత్తికాళ్ళతో నిలబడి, కళ్ళు మూసుకుని రెండుచేతులూ జోడించాను. అందరూ నా భక్తి చూసి తరిస్తారనుకున్నాను.

"మిస్టర్ రావ్, సాక్స్?"

"భయ్యా," అన్నాను ఇంగ్లీషులోకి దిగి, "మా దేశంలో దేవుడి ముందుకి ఉత్తికాళ్ళతోనే వెళతాం. వేల ఏళ్ళ ఆచారం."

ఎర్నెస్తో చాలా మర్యాదగా విన్నాడు. "మీ గుడికి మీ ఆచారం. ఇది మా పెద్దవాళ్ళ చోటు. మనిషి చర్మంలో నూనె తగిలితే ఈ తెల్లటి నేల నల్లబడి పాడైపోతుంది. ఇక్కడ ఉత్తికాళ్ళే అమర్యాద."

నూనె! ముందురోజు మెట్లెక్కిన నొప్పులకి రాత్రి అరికాళ్ళ నిండా కొబ్బరినూనె పట్టించి పడుకున్నాను. నా పాదాలు ఆ లైటు వెలుగులో దీపారాధన కుందుల్లా మెరిసిపోతున్నాయి. గైడు దగ్గర అదనంగా ఉన్న ఒక్క జతా ఆడపిల్లల్లో ఎవరిదో చిరిగితే అప్పటికే ఇచ్చేశాడు.

నేను చెప్పాల్సిన మాట ఏమిటి? "పరవాలేదు, నేను ఇక్కడ కూర్చుంటాను, మా ఆవిడ చూసొస్తుంది." ఏడే ఏడు మాటలు. ముప్పై రెండేళ్ళు ఫైళ్ళ మీద పేజీలకి పేజీలు రాసినవాణ్ణి, ఆ ఏడు మాటలూ రాలేదండీ. మొహం చిన్నబుచ్చుకుని నిలబడ్డాను.

మా ఆవిడ బండమీద కూర్చుని తన సాక్సులు విప్పి, నీళ్ళు పిండి, నా చేతికిచ్చింది. "మీరు ముందు వెళ్ళిరండి. రెండో బ్యాచిలో నేను వెళతాను. కానీ వెంటనే వచ్చెయ్యాలి, సరేనా?"

"అరే, యూఁ గయా, యూఁ ఆయా! ఇలా వెళ్ళి అలా వచ్చేస్తాను!" అని చిటికేశాను.

ఆవిడ సాక్సులు నాకు సగానికే వచ్చాయి. మడమ ఉండాల్సింది అరికాలి మధ్యలో ఆగింది. అలాగే కుంటుకుంటూ, ఇనప నిచ్చెన ఎక్కి పైకెళ్ళాను. ఎంత పెద్ద గదనుకున్నారు! రాతి తెరలు పైనుంచి వేలాడుతున్నాయి. నేలంతా కుండలు. చివర్న ఆ ఎముకలు. నిజంగానే పటికబెల్లమే. ఎర్నెస్తో గొంతు తగ్గించి చెప్పడం మొదలుపెట్టాడు.

అప్పుడు నేనేం చేశానో తెలుసా? "మా ఇండియాలో గుహలు చూశారా మీరు?" అన్నాను.

అంతే. నోరు తెరిచానంటే మీకు తెలుసుగా! అరకు దగ్గర గుహలో దారి తప్పి మూడురోజులు ఉన్నాను (మూడు గంటలు లెండి). చిరుత ఎదురైంది (మేక). దాని కళ్ళలోకి చూస్తూ వెనక్కి నడిచాను (ఇది మాత్రం నిజం). ఎక్కడెక్కడ గబ్బిలాలు రావాలో అక్కడ చేతులు రెపరెపలాడిస్తున్నాను. మొదటి బ్యాచి దిగేటప్పుడు "మిస్టర్ రావ్, కమ్" అని పిలిచారు. "టూ మినిట్స్" అన్నాను. కథ మంచి పట్టులో ఉంది మరి! ఇంతలో రెండో బ్యాచి పైకొచ్చింది. కొత్త శ్రోతలు! ఎర్నెస్తో వాళ్ళకి చెబుతుండగా మళ్ళీ మొదట్నుంచీ అందుకున్నాను. కింద మార్తా రెండుసార్లు కేకేసిందట. నా గొంతులో అది ఎవరికి వినపడుతుంది?

ఎర్నెస్తో లెక్కపెట్టుకుని ఆగాడు. "రెండో బ్యాచిలో ముగ్గురే ఉన్నారేమిటి? నాలుగో మనిషి?"

నేనూ లైటు నాలుగువైపులా తిప్పాను. ఇంకా నోటితో ఏమన్నానో చెప్పమంటారా? "కొంతమందికి బొత్తిగా డిసిప్లిన్ ఉండదండీ!" అన్నాను.

అప్పుడు లైటు కిందికి దిగింది. నా కాళ్ళ మీద పడింది. గోధుమరంగు సాక్సులు.

నిచ్చెన ఎలా దిగానో నాకు తెలియదు. జారాను, గుద్దుకున్నాను, "వస్తున్నా, వస్తున్నా" అని అరుస్తూనే ఉన్నాను. బండ దగ్గరకి చేరేసరికి బయటినుంచి ఇంకో గైడు వచ్చి మార్తాతో హడావిడిగా మాట్లాడుతున్నాడు. పైన కొండల్లో వాన. గుహలోకి వచ్చే వాగు రంగు మారింది. అందర్నీ వెంటనే బయటికి తీసుకురావాలి. మా ఆవిడ అప్పటికే ఉత్తికాళ్ళకి బూట్లు తొడుక్కుని నిలబడింది.

"రెండే నిమిషాలు! పైకి వెళ్ళి చూసి దిగిపోతుంది!" మిగతావాళ్ళని దింపుకుని నా వెనకే వచ్చిన ఎర్నెస్తో చేతులు పట్టుకున్నాను. నిజంగా పట్టుకున్నాను, ఇందులో నాటకం లేదు. ఆయన తల అడ్డంగా ఊపాడు. ఎనిమిది ప్రాణాలు ఆయన చేతిలో ఉన్నాయి, తప్పు పట్టలేను. కెనడా ఆవిడ దారిలో నాతో అంది: "కిందికి దిగాక నా సాక్సులు ఇస్తానన్నాను మీ భార్యకి. 'థాంక్స్, మావారు ఇప్పుడే వచ్చేస్తారు' అంది."

ఆ తరువాత రెండురోజులు వాన. గుహలోకి ఎవర్నీ పోనివ్వలేదు. మూడోరోజు మా విమానం.

వ్యానులో తిరిగొస్తుంటే ఆవిడ పక్కన కూర్చుని, కోపం లేకుండా, మామూలుగా అడిగింది. "ఏవండీ, కుండలకి చిల్లు ఉంటుందట కదా, లోపలి ఆత్మ బయటికి పోవడానికి చేస్తారట. చిల్లు అంచు దగ్గరుందా, అడుగునుందా?"

నేను జంతికల డబ్బా మూత తీసి ఆవిడ ముందు పెట్టాను.

"పోనీ, ఆ ఎముకలు? తల ఏ పక్కకి తిరిగి ఉంది? చేతులు ఎలా ఉన్నాయి?"

లోపల కెమెరాలు నిషిద్ధం. ఒక్క ఫోటో లేదు. నేను చూశాను కదా అంటే, లైటు వేసి చూశాను, ఎదురుగా నిలబడి చూశాను. కానీ చూస్తున్నంతసేపూ నా చిరుతపులే కనబడింది నాకు. తల ఎడమవైపు అందామనుకున్నాను. జీవితంలో మొదటిసారి అబద్ధం నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

"గమనించలేదు" అన్నాను.

ఆవిడ కిటికీలోంచి అడవి చూస్తూ అంది: "ముప్పై ఏళ్ళు చూడకుండానే చెప్పానండీ నేను. మీరు చూసి కూడా చెప్పలేకపోతున్నారు."

అంతే అంది. ఇంటికొచ్చాక ఎత్తిపొడవలేదు, ఒక్కసారి కూడా. ఎవరైనా "గుహ ఎలా ఉందండీ మేడమ్?" అంటే "ఆయన చూశారండీ, ఆయన్నడగండి" అంటుంది. వాళ్ళు నావైపు తిరుగుతారు. ఢిల్లీలో తెలుగువాళ్ళందరిలో పెద్ద మాటకారిని, నేను నీళ్ళు నములుతాను!

నిన్న ఫరీదాబాద్ నుంచి రెండు మెట్రోలు మారి వచ్చిన మా రామ్మూర్తి ఇదంతా విని అన్నాడు: "రావుగారూ, మీ గోదావరి నమ్మాం, మీ చిరుత నమ్మాం. కానీ నోరు మూసుకోలేక పెళ్ళాం సాక్సులు ఎగ్గొట్టిన మనిషి ఉంటాడంటే నమ్మలేం." చూశారా! ఇన్నాళ్ళూ పెంచి చెప్పినవన్నీ మింగారు, ఉన్నదున్నట్టు చెబితే సాక్ష్యం కావాలిట!

మెట్లు తగ్గించుకోండి, చిరుతని మేక చేసుకోండి, మీ ఇష్టం. ఇందులో మాత్రం ఒక్క గింజ తియ్యడానికి లేదు. గుహలో చూసినవాళ్ళు ఏడుగురం, మా మాట పక్కన పెట్టండి. చూడనిది ఒక్క మనిషే. ఆవిణ్ణి అడగండి, నాకంటే తక్కువ మాటల్లో నిజం చెబుతుంది. పేరు అనసూయ.