వీధి వైపు తలుపు

చిట్టితల్లి ఆ ఇల్లు కొన్నది బాత్రూము కోసం. వింటే నవ్విపోతారని ఎవరికీ చెప్పలేదు. మొగుడు గణపతికీ చెప్పలేదు. జంగ్లీఘాట్ రేవు అద్దె గదుల్లోంచి, అదే దీవిలో కొండ మీదున్న గోల్ ఘర్‌లో సొంతింటికి వెళ్తున్నామని అతను జెట్టీ అంతా తిరిగి చెప్పుకుంటుంటే, చెప్పుకోనిచ్చింది.

నిజానికి అంత చెప్పుకునే ఇల్లేం కాదు. కొండవాలు మీద సగం ఇటుక గోడ, సగం చెక్క గోడ, పైన తుప్పు పట్టిన రేకులు. చెక్కని చెదలు తిని పొట్టు మిగిల్చాయి. ఇంటికి అంటుకుని పక్కన బాత్రూము. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు. నేల మీద పాచి, మధ్యలో అంచు పగిలిన దొడ్డి బేసిను, మూలన ఒకప్పుడు కుళాయి ఉండేదని గుర్తుచేసే గొట్టం ముక్క. ఇల్లు చూపిస్తున్న యజమాని లోకనాథం మొహమాటపడి ఆ తలుపు తెరవకుండానే దాటిపోబోయాడు. చిట్టితల్లి అక్కడే ఆగింది. తలుపు తోసి, గడప దాటి, లోపల కాసేపు ఊరికే నిలబడింది. బయటికి వచ్చి, "ఇల్లు నచ్చినాది బాబూ" అంది.

ఆ గడప దాటడానికి ఆమెకి ఇరవయ్యారేళ్ళు పట్టింది.

అప్పుడామెకి ఇరవై రెండేళ్ళు, కడుపులో ఎనిమిదో నెల. తెల్లవారకుండా జంగ్లీఘాట్‌లో పడవల దగ్గర చేప ఎత్తుకుని, నెత్తిన సిలవరు తట్టతో గోల్ ఘర్, మిడిల్ పాయింట్ కొండదారులన్నీ ఎక్కి దిగేది. చేపలమ్మే ఆడవాళ్ళకి ఒక పద్ధతి ఉంది. బేరానికి బయల్దేరిన దగ్గర్నుంచి తట్ట ఖాళీ అయ్యేదాకా చుక్క నీళ్ళు తాగరు. తాగితే పోవాలి, పోవడానికి చోటు లేదు. మగాళ్ళకైతే ఊళ్ళో గోడలన్నీ వాళ్ళవే. ఈ పద్ధతి చిట్టితల్లికి అత్తగారు నేర్పింది, ఆవిడకి వాళ్ళత్తగారు నేర్పింది. కడుపులో బిడ్డకి మాత్రం ఇంకా ఎవరూ నేర్పలేదు.

ఆ రోజు లోకనాథం వదినగారు రామలక్ష్మి ఇదే ఇంటి వీధి మెట్ల మీద నిలబడి కోనాం చేప బేరమాడుతోంది. ఆవిడ భర్త ఏదో ఆఫీసులో హెడ్ క్లర్కు. ఇంటి మీద ఈగ వాలాలన్నా ఆవిడ అనుమతి కావాలన్నంత దర్జా.

"అమ్మగారూ, ఒక్కపాలి మీ బాత్రూములోకెల్లి ఒచ్చీస్తానమ్మా. ఆపుకోనేకపోతన్నాను" అంది చిట్టితల్లి.

రామలక్ష్మి ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంది. "బాగుందే నీ వరస! నీ కంపు వారం రోజులు పోదు. కిందికెళ్ళి కొండవార చూసుకో."

కొండవారకి అరవై మెట్లు. చిట్టితల్లి రెండో మెట్టు మీదే ఓడిపోయింది. చీరా లంగా తడిసి పాదాల మీదికి కారింది. బడికి పోతున్న పిల్లలు ఆగి నవ్వారు. రామలక్ష్మి లోపలికి వెళ్ళి బకెట్టుతో నీళ్ళూ ఫినాయిలూ తెచ్చి, చిట్టితల్లి ఇంకా అక్కడుండగానే మెట్లు కడిగింది. కడిగి, "ఆ చేప ముక్కలు కొట్టి మరీ వెళ్ళు" అంది.

చిట్టితల్లి కొట్టింది. తడి చీరతో కూర్చుని, కత్తిపీట ముందేసుకుని, పొలుసు తీసి, ముక్కలు కొట్టి ఇచ్చింది. మెట్ల మీద జరిగింది ఒంటి తప్పు, దానికామె అంత బాధపడదు. కానీ అలా కూర్చుని ముక్కలు కొట్టిందే, దానికి తనని తానే క్షమించుకోలేదు. ఇంక రామలక్ష్మిని ఏం క్షమిస్తుంది?

ఇంకొకరైతే మళ్ళీ ఆ గుమ్మం తొక్కేవారు కాదు. చిట్టితల్లి వారానికి రెండుసార్లు తొక్కింది. నవ్వుతూ తొక్కింది. తట్టలో మేలైన చేప ఆవిడ కోసమే దాచి, "అమ్మగారూ" అని తీయగా పిలిచింది. నిప్పు ఆరకూడదనుకున్నవాళ్ళు పొయ్యి దగ్గరే కాపు కాయాలి మరి.

ఓడలు బళ్ళవుతాయి, బళ్ళు ఓడలవుతాయి అంటారు. హెడ్ క్లర్కు పోయాడు. అన్నదమ్ముల వాటాల్లో ముందున్న పాత ఇల్లు లోకనాథానికి, వెనక కట్టిన రెండు గదులు రామలక్ష్మికి వచ్చాయి. ఆ రెండు గదుల బాత్రూము పెరటి చివర పద్దెనిమిది మెట్ల కింద ఉంది. ఆవిడకి మోకాళ్ళు పోయాయి. అందుకని ఎంత పాడుపడినా, బకెట్టుతో నీళ్ళు తెచ్చుకుని రోజూ పాత ఇంటి బాత్రూముకే వచ్చేది. దాని తలుపు పెరటి వైపే కనుక, తన గుమ్మంలోంచి పది అడుగులు.

లోకనాథం ఇల్లమ్మేటప్పుడు ఆ మాట చెప్పాడు కూడా. "మా వదిన ఆ బాత్రూము వాడుకుంటుందమ్మా. మోకాళ్ళ మనిషి." చిట్టితల్లి తలూపింది. గోల్ ఘర్‌లో సగం ఒప్పందాలు ఇలాగే మాట మీద నడుస్తాయి, తలూపితే సంతకం పెట్టినట్టే అనుకుంటారు. లోకనాథం అలాగే అనుకుని, వదినకి భరోసా ఇచ్చి ఊరు మారిపోయాడు. కాగితాల మీద ఆ ముక్క లేదు. లేదని చిట్టితల్లి చదివించుకుని మరీ వేలిముద్ర వేసింది.

ఇల్లు చేతికి రాగానే తాపీమేస్త్రీ సత్యారావుని పిలిచింది. కారుతున్న కప్పు ముందా, చెదపట్టిన గోడ ముందా అని అతను చూస్తుంటే, నేరుగా బాత్రూములోకి తీసుకుపోయింది.

"ముందిది. పెరటేపు తలుపు బంద్ చెయ్యి. వీధేపు గోడ కొట్టీసి అటు తలుపెట్టు."

సత్యారావు తల గోక్కున్నాడు. "దీదీ, వానంతా అటేపు నుంచే కొడతాది. జూన్ ఒస్తే తలుపు నానిపోద్ది. ఇటేపే ఉండనీండి, థోడా సోచో, కొంచెం ఆలోచించండి."

"ఇరవయ్యారేళ్ళు సోచ్ చేసినాను. ప్లాస్టిక్ తలుపెట్టు. అది పోతే ఇంకోటి పెడతాను."

నాలుగడుగుల వెడల్పులో ఏది ఎక్కడ పెట్టాలన్నది పెద్ద లెక్కే. ఊళ్ళో కుళాయి మూడో రోజుకోసారి వస్తుంది, అందుకని ప్రతి బాత్రూములోనూ మనిషి కంటే ముందు డ్రమ్ము దూరుతుంది. డ్రమ్ము పెడితే తలుపు పూర్తిగా తెరుచుకోదన్నాడు సత్యారావు. చిట్టితల్లి డ్రమ్ము తీయించేసింది. రేకుల మీద పడే వాననీరు గొట్టంతో పట్టి పైన ట్యాంకులోకి మళ్ళించమంది, మూలన అడుగున్నర వెడల్పు సిమెంటు తొట్టి కట్టమంది. కమోడ్ గోడ వారగా. తట్ట మోసి మోసి తన మోకాళ్ళూ అరిగిపోయాయి కాబట్టి పక్కనే పట్టుకోవడానికి స్టీలు కడ్డీ. టైల్స్ జారనివి కావాలంది. అవి దీవిలో దొరకవు, ఓడ మీద రావాలి, ఓడ పదిహేను రోజులు ఆలస్యమైంది. చిట్టితల్లి విసుక్కోలేదు. ఎదురుచూడటం ఆమెకి కొత్త కాదు.

నేలకి వాటం ఇచ్చిన రోజు మాత్రం సత్యారావుని కాల్చుకు తింది. చెంబుతో నీళ్ళు పోసి, చేపలు కడిగే కళ్ళతో చూసింది. నీళ్ళు కమోడ్ పెట్టబోయే చోట అరచేతి మేర నిలిచాయి. "నా నేల మీద నీళ్ళు నిలబడకూడదు. ఫినాయిలు అక్కర్లేకుండా పోవాల" అని మళ్ళీ తవ్వించింది. రెండోసారి పోసిన చెంబెడు నీళ్ళూ ఒక్క పరుగున మూలనున్న జాలీలోకి పోయాయి.

రామలక్ష్మి మొదట్లో సంతోషించింది. బాత్రూము బాగుచేయిస్తున్నారంటే తనకీ సుఖమే కదా. పనివాళ్ళకి టీ కూడా పంపింది. తెల్లటి కమోడ్ ఆటోలో వచ్చిన రోజు, వీధి వైపు నుంచి లోపలికి తేవాల్సిన దాన్ని చిట్టితల్లి కావాలని పెరట్లోంచి, ఆవిడ కిటికీ ముందు నుంచి మోయించింది. "మంచిది తెచ్చావమ్మా" అని రామలక్ష్మి మెచ్చుకుంది కూడా. పాపం, బలిచ్చే మేకకి బొట్టు పెడుతున్నట్టు తెలియలేదు.

మర్నాడు పాత తలుపు ఊడదీసి ఆ సందులో ఇటుకలు పేర్చారు. రామలక్ష్మి గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"చిట్టితల్లీ, మరి నేనెటునుంచి రావాలమ్మా?"

చిట్టితల్లి చివరి ఇటుక సత్యారావు చేతిలోంచి తీసుకుంది. సున్నితంగా సిమెంటు రాసి తనే పెట్టింది. అప్పుడు వెనక్కి తిరిగి, "మీకు మీ బాత్రూము ఉంది కదా దీదీ" అంది. ఇరవయ్యారేళ్ళలో మొదటిసారి ఆమె నోట "అమ్మగారూ" రాలేదు. ఆ రాత్రి కడుపునిండా తిని పడుకుంది.

వీధి తలుపు పక్కన మేకు కొట్టి తాళంచెవి వేలాడదీసింది. చేపలమ్మే ఆడవాళ్ళు ఎవరైనా వాడుకోవచ్చు. వారం తిరక్కుండా జంగ్లీఘాట్ అంతా తెలిసిపోయింది. పొద్దున్న ఎనిమిదయ్యేసరికి ఆ తలుపు ముందు తట్టలు బారు తీరేవి. యర్రమ్మ అనే ముసలామె మొదటి రోజు లోపలికి వెళ్ళి ఎంతకీ రాలేదు. ఏమైందని తలుపు కొడితే, "ఏటీ నేదే, కూకున్నాను" అంది.

జూన్ వచ్చింది. సత్యారావు అన్నట్టే వానంతా వీధి వైపు నుంచే కొట్టింది. పెరట్లో పద్దెనిమిది మెట్లూ పాచి పట్టాయి. వంటింటి కిటికీలోంచి చిట్టితల్లి రోజూ చూసేది. రామలక్ష్మి గొడుగు ఒక చేత్తో, గోడ ఒక చేత్తో పట్టుకుని, ఒక్కో మెట్టు మీద రెండు పాదాలూ ఆనించి దిగేది. పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం. చూస్తూ టీ తాగేది చిట్టితల్లి. అంత రుచైన టీ ఆమె జన్మలో తాగలేదు. ఒకసారి ఆవిడ జారి నాలుగు మెట్లు కిందికి పోయింది. గణపతి పరిగెత్తి లేవదీశాడు. వచ్చి, "పాపమే, పెద్ద మనిషి" అన్నాడు. చిట్టితల్లి ఇంకో గ్లాసు టీ పోసుకుంది.

ఆ తర్వాత రామలక్ష్మి మెట్లు దిగడం తగ్గింది. రోజుకి రెండుసార్లు, ఆపైన ఒక్కసారి. ఎలా కుదురుతోందో చిట్టితల్లికి అర్థం కాలేదు.

ఆగస్టులో ఒక ఉదయం అర్థమైంది. వాన తెరిపిచ్చింది. వీధి తలుపు ముందు నలుగురు తట్టలతో నిలబడి ఉన్నారు. పక్క సందులోంచి చుట్టూ తిరిగి, కర్ర ఊతంతో రామలక్ష్మి వచ్చింది. పెదవులు పగిలి తెల్లగా ఉన్నాయి. ఆ పెదవులు చిట్టితల్లికి బాగా తెలుసు. బేరం నుంచి తిరిగొచ్చి అద్దంలో చూసుకుంటే కనబడేవి అవే.

"నీళ్ళు తాగడం మానీసినారా?" అని అడిగింది.

"తాగితే దిగాలి కదమ్మా" అంది రామలక్ష్మి. "డాక్టరు తిడుతున్నాడు. చిట్టితల్లీ, ఒక్కసారి లోపలికి వెళ్ళి వస్తాను."

ఇంతకాలం చిట్టితల్లి నాలుక కింద దాచుకున్న మాటకి వేళయింది. ఎన్ని రాత్రులు పైకి అని చూసుకుందో! చిట్టితల్లి గొంతు పెంచి, నలుగురూ వినేట్టు అంది.

"బాగుంది మీ వరస! మీ కంపు వారం రోజులు పోదు. కిందికెళ్ళి కొండవార చూసుకోండి."

తట్టలవాళ్ళు నోళ్ళు తెరిచారు. రామలక్ష్మి అయోమయంగా చూసింది.

"అదేం మాటమ్మా?"

"మీ మాటే. ఈ మెట్ల మీదే అన్నారు. నాకప్పుడు ఎనిమిదో నెల. నేను నిలబడుండగానే ఫినాయిలు పోసి కడిగినారు. కడిగి, చేప కొట్టి మరీ ఎల్లమన్నారు."

రామలక్ష్మి నుదురు ముడిచింది. నిజంగానే వెతికింది, పాపం. చివరికి, "మెట్లు రోజూ కడిగేదాన్నే. నువ్వు ఎప్పుడూ నవ్వుతూనే వచ్చేదానివి కదమ్మా" అంది.

ఆవిడకి గుర్తు లేదు. ఇరవయ్యారేళ్ళు చిట్టితల్లి నెత్తిన మోసిన తట్టలో ఆవిడ వాటా గోరంత కూడా లేదన్నమాట. కర్ర లాక్కుని వీధిలోకి విసిరేయాలనిపించింది. ఏడుపూ వచ్చింది. ఆ ఏడుపు మీద ఇంకా కోపం వచ్చింది.

"ఎల్లండమ్మా, మీరు ముందెల్లండి, పెద్దోరు" అని యర్రమ్మ పక్కకి జరిగింది.

"ఆగు యర్రమ్మా!" చిట్టితల్లి అరిచింది. "లైను లైనే. మీరు ఎనకాల నిలబడండి దీదీ."

రామలక్ష్మి వెళ్ళి నాలుగో తట్ట వెనక నిలబడింది. ముందున్న తట్టలోంచి చేపనీళ్ళు ఆవిడ పాదాల మీద చుక్కలు చుక్కలుగా పడ్డాయి. అలవాటుగా కొంగు ముక్కు దాకా ఎత్తింది. నలుగురూ తనవైపే చూస్తున్నారు. కొంగు దించేసింది. ఆవిడ వంతు వచ్చేదాకా చిట్టితల్లి గుమ్మంలోంచి కదల్లేదు. లోపలినుంచి స్టీలు కడ్డీ కిర్రుమన్న చప్పుడు వినబడింది, తర్వాత నీళ్ళ చప్పుడు.

రామలక్ష్మి బయటికి వచ్చేసరికి చిట్టితల్లి చెంబుతో మంచినీళ్ళు పట్టుకుని నిలబడి ఉంది.

"తాగండి."

"మళ్ళీ వస్తుందమ్మా" అంది రామలక్ష్మి భయంగా.

"రానీండి. ఒస్తే మళ్ళీ రండి. ఒచ్చి లైన్లో నిలబడండి. ఈయేళ కాదు, రేపు కాదు, రోజూ నిలబడండి. మీకు గుర్తుండేదాకా."

రామలక్ష్మి చెంబెత్తి గుక్క తిప్పుకోకుండా తాగింది.

ఆ సాయంత్రం గణపతి మెల్లగా కదిపాడు. ఎలాగూ రానిస్తున్నావు కదా, పెరటి వైపు చిన్న తలుపు పెట్టిస్తే ముసలావిడకి ఆ చుట్టూ తిరిగే తిప్పలు తప్పుతాయి, సత్యారావుకి ఒక పూట పని అన్నాడు.

"నానెట్టిన ఇటుక కదలదు" అంది చిట్టితల్లి.

మర్నాడు ఎనిమిదిన్నరకి రామలక్ష్మి సందు చుట్టూ తిరిగి, మంచినీళ్ళు నింపిన సొంత చెంబు చేత పట్టుకుని వచ్చి, యర్రమ్మ వెనక ఐదో మనిషిగా నిలబడింది.