ఇన్నయ్యగారి ముత్తాత

మా ఇంటి యజమాని ఇన్నయ్యగారికి తాగుడు లేదు, పేకాట లేదు, కనీసం చుట్ట కూడా లేదు. ఆయనకున్న వ్యసనమల్లా ఒక్కటే: ఆనవాయితీ. డిసెంబరు రాగానే అది ఆయనకి మలేరియాలాగా తిరగబెట్టేది.

బెజవాడలో ఏలూరు కాలువ లాకుల దగ్గర ఆయనకి ఉద్యోగం. పడవ వస్తే తలుపులు తీయించడం, పోతే మూయించడం. పదకొండు నెలలపాటు అంతటి సాధువు కృష్ణాజిల్లాలో మరొకడు లేడని, వారి ఇంట్లో వాటా అద్దెకున్న తెలుగు పండితుడిగా నేను ప్రమాణం చేయగలను. పన్నెండో నెలలో మాత్రం ఆయన ఒంట్లోకి ముత్తాత ప్రవేశించేవాడు.

"క్రిస్మస్‌కి గుమ్మాన నక్షత్రం కట్టాల్సింది పెద్దబిడ్డ. నిచ్చెన మీద కుడికాలే ముందు పెట్టాలి. మా ముత్తాతనాటి ఆనవాయితీ!"

పెద్దబిడ్డ మార్త పద్దెనిమిదేళ్లది, ట్రైనింగు స్కూల్లో చదువుతోంది. "ఎడమకాలు పెడితే ఏమవుతుంది నాన్నా?"

"ఏమోనమ్మా. మన వంశంలో ఇంతవరకూ ఎవరూ పెట్టలేదు."

అరిసె తినబోయే ముందు కాకరకాయ ముక్క నమలాలి, ఆదాము చేసిన పాపం గుర్తుండాలని. గుడికి వెళ్లేటప్పుడు అందరూ వయసు వరసన నడవాలి. ఒక ఏడు ఆయన భార్య అమలమ్మగారికీ, పండక్కొచ్చిన ఆవిడ పినతల్లి కూతురికీ ఎవరు చిన్నో వీధిలోనే తగువొచ్చింది. అది తేలేసరికి గుళ్లో పూజ సగమైంది.

ఇంకో ఏడు ఎవరిదో గ్రామఫోను అరువు తెచ్చారు. పండగ పొద్దున పాట పెట్టడం ముత్తాతనాటి ఆచారమట.

"మీ ముత్తాతగారి కాలంలో గ్రామఫోను ఎక్కడిదండీ?" అన్నాను. కాలనిర్ణయం విషయంలో నాకు కొంచెం పట్టింపు.

"లేదు పంతులుగారూ. ఆ బెంగతోనే పోయాడు పాపం" అని కండువాతో కళ్లొత్తుకున్నారు.

ఇక ఏం వాదిస్తాం? మార్త మాత్రం వదిలేది కాదు. "ఈ ముత్తాత ఒక్కసారి నాకు ఎదురుపడితే బాగుండును పంతులుగారూ. కాకరకాయ ఆయన చేతే తినిపిస్తాను" అనేది.

నలభై అయిదో సంవత్సరం వచ్చింది. యుద్ధం పోయింది గాని కంట్రోలు పోలేదు, నూలు రాలేదు. మా ఎదురింట్లో భావనారాయణ అని మంగళగిరి నుంచి వచ్చిన నేతగాడు ఉండేవాడు. నెలన్నరగా అతని మగ్గం మీద పోగు లేదు. భార్య నాగమల్లేశ్వరికి ఏడో నెల. వాళ్ల పొయ్యి రోజుకొక్కసారి వెలిగేది, అది కూడా ఎక్కువగా వీధివాళ్లకి పొగ కనబడడానికే. మా ఆవిడ శేరు బియ్యం పట్టుకెళ్తే, "మాకున్నాయమ్మా" అని మర్యాదగా తలుపు వేసేశాడు. అభిమానానికి కంట్రోలు లేదు గదా!

పండగ ముందురోజు పొద్దున్నే ఇన్నయ్యగారు వీధి దాటి అతని అరుగెక్కారు.

"భావనారాయణా, రేపు నువ్వు మా ఇంటికి రాకపోతే మా పండగ చెడిపోతుందయ్యా."

"నాతో ఏం పనండీ?"

"బాలయేసుని పొత్తిగుడ్డల్లో చుట్టారని మా గ్రంథంలో ఉంది. ఆ గుడ్డలు నేసిందెవరు?"

"మావాళ్లయితే కాదండీ."

"ఎవరైతేనేం, నేతగాడే కదా! అందుకని ముందు నేతగాడికి స్వయంపాకం ఇచ్చి, ఆ తరవాతే మేం ముద్ద ముట్టాలి. మా ముత్తాతనాటి ఆనవాయితీ."

బ్రాహ్మలకిచ్చే స్వయంపాకం బెత్లెహేము దాకా ప్రయాణం చేసినట్టు ఏ పురాణంలోనూ చదవలేదు. మా అరుగు మీద కూచుని వింటూ నోరు తెరిచాను.

"ఈగలు దూరతాయి పంతులుగారూ" అన్నారు గుమ్మంలోంచి అమలమ్మగారు.

మర్నాడు అందరూ గుడినుంచి వచ్చేసరికి వాకిట్లో చాట సిద్ధం. బియ్యం, కందిపప్పు, బెల్లం, నెయ్యి గిన్నె, ఒక గుమ్మడికాయ. భావనారాయణ తలంటుకుని, ఉతికిన పంచె కట్టుకుని పెళ్లిపెద్దలా వచ్చాడు. చేతులు చాపాడు.

సరిగ్గా అప్పుడే చల్లపల్లి నుంచి పండక్కొచ్చిన ఇన్నయ్యగారి అక్క శౌరమ్మగారు బయటికొచ్చారు. ఆవిడ జన్మలో అబద్ధమాడి ఎరగదు. అందుకే చుట్టాలెవరూ ఆవిణ్ణి తరచు పిలవరు.

"ఇదేమిట్రా ఇన్నయ్యా?"

"అదే అక్కా, మన ముత్తాతనాటి..."

"మన ముత్తాతా? మోతుబరి ఇంట్లో పాలేరు! పండగపూట ఆయనకే ఎవరైనా పెడితే తిన్నట్టు. ఆయన ఒకరికి పెట్టాడా? ఎవరు చెప్పార్రా నీకు?"

భావనారాయణ చేతులు వెనక్కి వెళ్లాయి. మెడనుంచి చెవులదాకా ఎర్రబడ్డాడు. "అయితే మాకు ధర్మం చేస్తున్నారాండీ?" అని వెనుదిరిగాడు.

ఇన్నేళ్లలో మొదటిసారి, అవసరానికి ముత్తాత పలకలేదు. ఎదురింటి గుమ్మంలో నాగమల్లేశ్వరి తలుపు పట్టుకుని నిలబడి చూస్తోంది.

"నీకు తెలీదులే అత్తా" అంది మార్త, వచ్చి భావనారాయణకి అడ్డంగా నిలబడి. "నువ్వు కాపరానికి వెళ్లిపోయాక తాత చెప్పాడు. మంచంలో ఉండి నాచేత ఒట్టు కూడా వేయించుకున్నాడు."

"నీకప్పుడు ఎన్నేళ్లే?"

"మూడు."

"మూడేళ్లదానిచేత ఒట్టా!"

"అందుకే అంత బాగా గుర్తుంది. ఇంకోటి కూడా చెప్పాడు. ఆ నేతగాడి ఇంట్లో చూలాలుంటే, బిడ్డ పుట్టేదాకా వారం వారం ఇవ్వాలిట. మరియతల్లి పేరు మీద. నాన్న అది మరిచేపోయాడు."

ఇన్నయ్యగారు కూతురివంక చూసినట్టు, సింహాసనం అప్పగించే చక్రవర్తులు మాత్రమే చూడగలరు. "నిజమేనమ్మా. మతిమరుపు" అన్నారు మెల్లిగా.

భావనారాయణ వాళ్లనీ చూశాడు, గుమ్మంలో ఉన్న భార్యనీ చూశాడు. వచ్చి చాట అందుకున్నాడు.

"మాకూ ఒకటుందండీ. క్రిస్మస్ నాడు స్వయంపాకం అందుకుంటే, నూలు రాగానే మగ్గం దిగిన మొదటి చీర ఆ ఇంటి ఆడపిల్లకే ఇవ్వాలి. మా ముత్తాత పెట్టిన కట్టడి."

"మీ ముత్తాతకి క్రిస్మస్ అంటే తెలుసా అబ్బాయ్?" అన్నారు శౌరమ్మగారు.

"తెలీదమ్మా. తెలీకుండానే పెట్టేశాడు."

శౌరమ్మగారు అందరి మొహాలూ వరసగా చూశారు. చాటలోకి తొంగి చూశారు. కొంగు బొడ్లో దోపుకున్నారు.

"ఉప్పేదిరా ఇందులో? ఉప్పు లేకుండా మన ముత్తాత ఎప్పుడిచ్చాడూ!" అని తమ్ముణ్ణి కసిరి, వంటింట్లోకి వెళ్లారు.