ఆ ఉక్కు బండిని ఎంచింది నేను కాదు

మా కుటుంబంలో ఏ పెళ్లి జరిగినా, భోజనాలయ్యి కిళ్లీల పళ్లెం వచ్చే వేళకి ఎవరో ఒకరు "ఆ గడ్డి బండి కథ సెప్పత్తా" అంటారు. మా అత్తయ్య చెబుతుంది. చాలా బాగా చెబుతుంది, అది ఒప్పుకుంటాను. సింహాచలం కొండెక్కుతూ బండి మూలిగిన మూలుగు కూడా నోటితో చేసి వినిపిస్తుంది. చివర్లో నా వైపు వేలు చూపించి, "ఆ బండిని ఎంచిన మగానుబావుడు ఈడే" అంటుంది. అందరూ నవ్వుతారు. నేను అక్కడే, అదే వరసలో, కిళ్లీ నములుతూ కూర్చుని ఉంటాను. పదకొండేళ్లలో ఒక్కరంటే ఒక్కరు కూడా "ఏం నాయనా, నిజంగా నువ్వేనా ఎంచింది?" అని నన్ను అడిగిన పాపాన పోలేదు. (ఒకసారి మా చిన్నాన్న అడగబోయాడు. ఈలోగా ఐస్‌క్రీం వచ్చింది.) ఇక ఎవరూ అడగరని తేలిపోయింది కాబట్టి అడక్కుండానే చెబుతున్నాను.

ఆ రోజుల్లో ఉద్యోగం లేని కుర్రాడు ఒక్కడుంటే లోకం సలహాలిచ్చేది, ఇద్దరు కలిస్తే మాత్రం భయపడేది. ఆ ఇద్దరూ నేనూ, మా బావా. బావ అంటే మా మేనమామ కొడుకు, నాకంటే మూడేళ్లు పెద్ద. ఉక్కునగరంలో మావయ్యకి స్టీలుప్లాంటు ఇచ్చిన క్వార్టర్‌లో ఉంటూ ఇద్దరం డిగ్రీలు పూర్తి చేశాం, పూర్తి చేసి ఊరికే ఉన్నాం. క్వార్టర్ల ముందు జాగాల్లో గడ్డి మోకాలెత్తు పెరిగేది. షిఫ్టు దిగి వచ్చిన మనిషికి స్నానం చేసి పడుకోవాలని ఉంటుంది గాని గడ్డి కోయాలని ఎందుకుంటుంది? బావ ఎక్కడి నుంచో ఒక పాత పెట్రోలు గడ్డిమిషను తెచ్చాడు. మిషను నడపడం బావ పని, కోసిన గడ్డి ఊడ్చి సంచులకెత్తడం నా పని. ఏం వ్యాపారమని ఎవరైనా అడిగితే బావ "లాన్ కేర్" అనేవాడు. అత్తయ్య మాత్రం "డిగ్రీలు సదివి గడ్డి కోత్తన్నారు" అనేది. రెండూ నిజమే.

మిషను తీసుకెళ్లడానికి మాకున్నది బావ మోటారుసైకిలు. ముందు బావ, వెనక నేను, నా ఒళ్లో మిషను. స్పీడ్ బ్రేకర్ వచ్చిందంటే బావ గాల్లోకి లేచి మళ్లీ సీటు మీద పడేవాడు, నేను సీటు మీద పడేవాణ్ని, మిషను నా మీద పడేది. ఇంతకంటే నొప్పి పెట్టిన విషయం ఇంకొకటుంది. ఏ ఇంటికెళ్లినా ఇంటివాళ్లు నన్ను చూసి "ఈ అబ్బాయెవరు?" అనడిగితే బావ, "మావోడేనండి, సాయానికి వత్తాడు" అనేవాడు. సాయానికి! ఆ మాట మీరు కాస్త గుర్తుంచుకోండి, నేనెలాగూ గుర్తుంచుకున్నాను. సగం పని నాది, దెబ్బలు పూర్తిగా నావి, కానీ పార్ట్‌నర్ అనే మాట ఆ మనిషి నోట రాలేదు. నేను అడగనూ లేదు. అడిగి ఇప్పించుకునే మాట కాదది.

అలాంటి రోజుల్లో మధురవాడలో కొత్తగా లేచిన ఒక పెద్ద అపార్ట్‌మెంట్ నుంచి కబురొచ్చింది. నాలుగు టవర్ల మధ్య పరుపు పరిచినట్టు లాన్. అసోసియేషన్ ప్రెసిడెంటు గారు రిటైరైన లెక్కల టీచరమ్మ. మమ్మల్ని పైనుంచి కిందికి చూసి, నా ఒళ్లో మిషన్ని చూసి, "మరి కోసిన గడ్డి ఎలా తీసుకెళ్తారు? ఇంకొకాయన్ని తెచ్చుకుంటారా ఒళ్లో పెట్టుకోడానికి?" అన్నారు. వచ్చే నెల మొదటి ఆదివారం సొంత బండితో రావాలి, ఒకసారి కోసి చూపించాలి, నచ్చితే ఏడాదంతా పని మాదే. కాంపౌండు దాటగానే బావ "బండి కొనాల బావా" అన్నాడు. నాకు లోపల ఒక ఆశ లేచింది. బండి ఎంచే పని నేను చేస్తే, ఇక నన్ను సాయానికొచ్చినవాడని అనలేరు కదా?

ఆ సాయంత్రమే ఒక నోటుబుక్కు కొన్నాను. మిషను పొడవు, వెడల్పు, పిడి ఎత్తు కొలిచాను. పాత ఇనుము కొట్టువాడి కాటా మీద మిషన్ని, దాని పక్కనే తడిగడ్డి మూటనీ తూచాను. ఉక్కునగరంలో ముప్ఫై ఏడు గేట్ల వెడల్పు టేపు పెట్టి కొలిచాను. (ముప్ఫై ఎనిమిదో గేటు దగ్గర కుక్క ఒప్పుకోలేదు.) అన్నీ కలిపి చూస్తే మాకు కావలసింది మూడు చక్రాల ట్రాలీ ఆటో అని తేలింది. చివరి పేజీలో "లాన్ మెత్తన. బండి తేలిక." అని రాసి కింద రెండు గీతలు గీసి బావ ముందు పెట్టాను.

బావ దాని మీద టీ గ్లాసు పెట్టాడు. కావాలని కాదంటాడు. ఆ గుండ్రటి మచ్చ ఇప్పటికీ ఉంది, ఎవరికైనా కావాలంటే చూపిస్తాను.

"మూడు సక్రాలేటి బావా?" అన్నాడు టీ ఊదుకుంటూ. "మనవేటన్నా కొబ్బరిబొండాలు అమ్ముతన్నామా? అపార్ట్‌మెంట్లకి ఎల్లేవోళ్లం. నాలుగు సక్రాలుండాల."

"బరువెక్కువైపోతాది బావా. లాన్ మీద..."

"లాన్ మీద మిషన్ నడుత్తాది గానీ బండి ఎందుకు నడుత్తాది? నువ్వలాగ బుర్ర పాడుసేసుకోకు."

ఇక్కడ మావయ్య గురించి చెప్పాలి. ప్లాంటులో రోలింగ్ మిల్లులో ముప్ఫై ఏళ్లు చేసిన మనిషి. ఆయన లెక్కలో లోకంలో వస్తువులు రెండే రకాలు, ఇనుముతో చేసినవి, ఇనుముతో చేయాల్సినవి. బండి కొంటున్నామని తెలిసి సెలవు పెట్టి మరీ మాతో ఆటోనగర్ వచ్చాడు. పాత బండ్లు అమ్మే ఆ జాగాలో ఒక్కో బండి దగ్గరా ఆగి, మడిచిన వేలితో బాడీ మీద కొట్టి, చెవి ఆనించి వినేవాడు. ఇంజను సంగతి అడగలేదు, టైర్లు చూడలేదు. నేను చూపించిన ట్రాలీ ఆటోని కూడా అలాగే కొట్టాడు. అది 'టప్' మంది.

"ఇదేటల్లుడూ, ఇనుమా అప్పడమా? నాలుగు సినుకులు పడితే మెత్తబడిపోద్ది."

చివరికి ఒక నాలుగు చక్రాల చిన్న ట్రక్కు దగ్గర ఆగారు. ఇంజను బాగానే ఉంది గాని వెనక బాడీ పూర్తిగా తుప్పు పట్టి రాలిపోయింది. నాలుగు చక్రాలున్నాయని బావకి నచ్చింది. బాడీ లేదని మావయ్యకి నచ్చింది. బాడీ లేకపోతే, తనకు కావలసినట్టు కట్టించుకోవచ్చు కదా! పాతూరు నుంచి వచ్చి అక్కడ షెడ్డు పెట్టుకున్న వెల్డింగ్ భాయ్‌ని పిలిచి, ఎంత మందం ప్లేటు వేయాలో వేళ్లతో చూపించాడు. భాయ్ ఆ వేళ్ల మధ్య సందులోంచి మావయ్య మొహం చూశాడు.

"అంత మోటా ప్లేటా సార్? ఇందులో గడ్డి ఎక్కిస్తారా, ఏనుగునా?"

"గడ్డే భాయ్. అయితే ఏటి? ఉక్కునగరం నుంచి ఎల్లే బండి. అట్టముక్కలాగుంతే మన పరువేటవ్వాల?"

భాయ్ నా వైపు తిరిగి "ఈ తమ్ముడెవరు?" అన్నాడు. బావ అలవాటు ప్రకారం, "మావోడే భాయ్, సాయానికొచ్చాడు" అన్నాడు. సరిగ్గా అప్పుడే, ఆ మాట నా చెవిలో ఇంకా చల్లారకముందే, మావయ్య నా భుజమ్మీద చెయ్యేసి, "అల్లుడూ, పుస్తకం గట్రా రాసినావు గదా, నువ్వేటంతావ్ మరి?" అన్నాడు.

ఇది నేనెవరికీ చెప్పలేదు, అత్తయ్య కథలో కూడా ఉండదు. అడిగాడు. ఆ ఒక్కసారి నన్ను నిజంగా అడిగాడు. నోటుబుక్కు నా చంకలోనే ఉంది. తెరిచి, రెండు గీతలు గీసిన వాక్యం చదివితే సరిపోయేది. కానీ సాయానికొచ్చినవాడికి అభిప్రాయాలెందుకుంటాయి? మొహం పక్కకి తిప్పుకుని, "మీ ఇష్టం మావయ్యా" అన్నాను. ఆ అలక ఎంత బరువైనదో ఆ తర్వాత తెలిసింది. టన్నుల్లో తెలిసింది.

బండి తయారైంది. పక్కలకి ప్లేటు, అడుక్కి ప్లేటు, పనిముట్లకి ఉక్కు పెట్టె, వెనక గొలుసులకి వేలాడే తలుపు. ఆ తలుపు దింపడానికి ఇద్దరు కావాలి, ఎత్తడానికి ముగ్గురు. మేమున్నది ఇద్దరం. ఆకుపచ్చ రంగు వేయించి, మావయ్య వేలితో కొట్టి చూశాడు. 'ఖంగ్' మంది, గుడిగంటలా. ఆయన కళ్లు మెరిశాయి.

కొత్త బండిని సింహాచలం తీసుకెళ్లకుండా మావాళ్లు పనిలోకి దింపరు. ఆ శుక్రవారం ముందు మావయ్య, ఒళ్లో గుమ్మడికాయతో అత్తయ్య, వెనక మేమిద్దరం. డ్రైవింగు మావయ్యదే. ఘాట్ రోడ్డు మొదటి మలుపు దాకా బండి పరువుగానే వెళ్లింది. రెండో మలుపులో మూలగడం మొదలెట్టింది. మూడో మలుపులో నన్నూ బావనీ దిగిపొమ్మన్నారు. మేం దిగినా దానికి తేడా తెలియలేదు. పక్కనుంచి దేవస్థానం బస్సు దాటిపోతుంటే కిటికీలోంచి ఒక ముసలమ్మ, "ఓలమ్మో, ఖాళీ బండే! ఏటయిందిరా దీనికి?" అంది. చివరి మలుపులో అత్తయ్య కూడా గుమ్మడికాయతో సహా దిగిపోయి, "సామీ, ఈ పాలి ఎక్కించెయ్, మళ్లీ తేను" అని పైకి చూసి దండం పెట్టింది. పూజయ్యాక టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించారు. మామూలు బండి కింద నిమ్మకాయ చితుకుతుంది. మా బండి వెళ్లాక చూస్తే అక్కడ తడి మాత్రమే ఉంది. పూజారి గారు ఆ తడిని, బండిని మార్చి మార్చి చూసి, "దీనికి దిష్టి తగల్దు నాయనా" అన్నారు.

ఆదివారం వచ్చింది. తన బాడీకి జరిగే మర్యాద చూడాలని మావయ్య కూడా మధురవాడ వచ్చాడు. లాన్‌కి తెల్లవారుజామునే నీళ్లు పెట్టి ఉన్నారు, గడ్డి మీద బిందువులు మెరుస్తున్నాయి. మిషన్ని తిన్నగా గడ్డి మీదికే దింపేయవచ్చని బావ బండిని వెనక్కి తిప్పాడు.

"బావా, లోపలికొద్దు, మెత్తగుంతాది" అన్నాను.

"నువ్వు ఎనకాల సెయ్యూపు సాలు" అన్నాడు.

ఇక్కడే నా బతుకంతా ఉంది. తెలిసినవాణ్ని నేను, రెండు గీతలు గీసినవాణ్ని నేను. అయినా వెనక్కెళ్లి నిలబడి, "రానీ... రానీ... ఇంకొంచెం రానీ..." అని చెయ్యూపింది కూడా నేనే. సాయానికి రావడం అంతగా అలవాటైపోయింది. బండి వచ్చింది. వెనక చక్రాలు పరుపులోకి మనిషి ఒరిగినట్టు మెల్లగా, హాయిగా లోపలికి దిగిపోయాయి. బావ కంగారుపడి ముందుకి లాగాడు, వెనక్కి తోశాడు. రెండు కాలవలు తయారయ్యాయి. నాలుగు టవర్ల బాల్కనీల్లోకి జనం కాఫీ గ్లాసులతో వచ్చేశారు.

ప్రెసిడెంటు గారు చెప్పులు విప్పి లాన్ మీద నడుచుకుంటూ వచ్చారు. కాలవల్ని చూశారు, బండిని చూశారు. అరవలేదు. పిల్లల జవాబు కాగితం చూసినంత నెమ్మదిగా అడిగారు. "ఈ లాన్‌కి ఈ బండిని ఎవరు ఎంచారు?"

మావయ్య ఆకాశం వైపు చూశాడు. బావ డ్రైవర్ సీట్లోంచి దిగి, గొంతు సవరించుకుని, నా వైపు చెయ్యి చూపించాడు.

"మా పార్ట్‌నరండి. ఆయనే ఎంచాడండి."

నా నోట్లోకి రెండు మాటలు ఒకేసారి వచ్చాయి. ఒకటి "కాదండీ, ముప్ఫై ఏడు గేట్లు కొలిచి వద్దన్నాను" అని. రెండోది ఏమిటో నాకే తెలియదు, గొంతులో వెచ్చగా ఉంది. పార్ట్‌నర్! ఆయన! బయటికి మాత్రం, "అవునండి" అని వచ్చింది. (నేను అవునన్నది పార్ట్‌నర్ అన్నదానికి. ఎంచాడన్నదానికి కాదు. అత్తయ్య ఈ తేడా ఏనాడూ పట్టించుకోలేదు.)

"అయితే పార్ట్‌నర్ గారూ, ఈ రెండు కాలవల్నీ ఏం చేస్తారు?"

అది నాకు తెలుసు. అణిగిన గడ్డిని వేర్లతో సహా పలకల్లా కోసి పక్కకి తీయాలి, కింద మట్టి గుల్ల చేయాలి, ఇసుక కలిపి నింపాలి, పలకలు మళ్లీ పరిచి కాలితో అదమాలి, రోజూ నీళ్లు చల్లాలి. గడగడా చెప్పేశాను. ఆవిడ మొదటిసారి నా మొహం సరిగ్గా చూశారు. నీళ్ల ట్యాంకరు ట్రాక్టరు వచ్చి మా బండిని లాగింది. అది బయటపడగానే మావయ్య వేలితో కొట్టి, "సూసినావా, ఇంత లాగినా బాడీకి సిన్న సొట్ట కూడా నేదు" అన్నాడు. ఆయన బాధ ఆయనది.

నాలుగు రోజులు మోకాళ్ల మీద కూర్చుని ఆ కాలవలు పూడ్చాను. బావ ఇసుక మోశాడు, నేను చెప్పినచోట పోశాడు. ఐదో రోజు ప్రెసిడెంటు గారు పొడుగు చెక్కస్కేలు తెచ్చి గడ్డి మీద ఆనించి, కింద సందుందేమోనని వంగి చూశారు. సందు లేదు. పని మాకిచ్చారు. షరతు ఒక్కటే, ఆ బండి గేటు దాటి లోపలికి రాకూడదు. ఆ ఏడాదంతా బండి రోడ్డు మీద ఉండేది, మిషన్ని చెరోవైపు పట్టుకుని మేం లోపలికి మోసేవాళ్లం. ఒళ్లో పెట్టుకోవడమైతే తప్పింది.

ఇప్పుడు మాకు మూడు ట్రాలీ ఆటోలున్నాయి. మూడు చక్రాలవే, తేలికవే. "నాను అప్పుడే అనుకున్నాను" అంటాడు బావ, వచ్చినవాళ్లందరితో. ఆ ఉక్కు బండి కూర్మన్నపాలెంలో మావయ్య కట్టుకున్న ఇంటి ముందుంది. ఇంజను పోయింది, టైర్లు పోయాయి, బాడీ అలాగే ఉంది. రిటైరైన మావయ్య రోజూ పొద్దున్న ఒకసారి వేలితో కొట్టి వింటాడు. మొన్న అటు వెళ్లినప్పుడు, ఎవరూ చూడకుండా నేనూ కొట్టాను. ఖంగుమంది. ఒళ్లో మిషనుతో, చంకలో నోటుబుక్కుతో, మూతి ముడుచుకుని అక్కడే నిలబడ్డ కుర్రాడొకడు కనిపించాడు. వాడికి అడిగినప్పుడు చెప్పడం రాదు, అడగకపోతే ఊరుకోవడమూ రాదు. నవ్వొచ్చింది. వాడి మీద కాస్త ముద్దు కూడా వచ్చింది.

అయితే నవ్వు వేరు, లెక్క వేరు. బావా, ఇది నువ్వు చదువుతావని తెలుసు. ఆ రోజు ఆవిడ ముందు నన్ను పార్ట్‌నర్ అన్నావే, అది తిట్లు నా మీదికి నెట్టడానికా, నిజంగా నీ మనసులో అలా ఉండేదా? ఎప్పుడడిగినా "టీ తాగుతావేటి బావా" అంటావు. పదకొండేళ్లుగా తాగుతూనే ఉన్నాను. ఈసారి టీ వద్దు. జవాబు చెప్పు.