ఏడో అంతస్తులో యాదగిరి స్టెప్పు

ముందే చెబుతున్నాను, ఇది నేను అల్లిన కథ కాదు. ఆ రాత్రి నేను తాగలేదు. నిద్రమత్తులో లేను. నాతో పాటు ఇంకొకరు కూడా విన్నారు, చూశారు. కాకపోతే ఇది చెప్పాలంటే నా తప్పు కూడా చెప్పాలి... ఇన్నాళ్లూ నోరు మూసుకున్నది అందుకే.

నేను హైటెక్ సిటీలో ఒక ఆఫీసు బిల్డింగులో ఎలక్ట్రీషియన్ని. అక్కడే యాదగిరి నైట్ సెక్యూరిటీ గార్డు. ఇద్దరిదీ గోపన్‌పల్లి. తొంభైల్లో మేమిద్దరం డాన్సర్లం. అప్పటి హిట్ పాటలను ముక్కలు ముక్కలుగా ఒకే క్యాసెట్‌లోకి ఎక్కించుకుని, వినాయక మండపాల దగ్గర ఎగిరేవాళ్లం. నేను ఎగిరితే చప్పట్లు. యాదగిరి ఎగిరితే ఈలలు. వాడి స్టెప్పు ఒకటుండేది... కుడికి రెండడుగులు, ఎడమకి ఒకటి, ఆ ఒక్క అడుగు మీదే గిరుక్కున తిరిగేవాడు. ఊళ్లో ఇంకెవరికీ రాలేదు. నాకూ రాలేదు.

పెద్ద పోటీకి ముందురోజు రాత్రి క్యాసెట్ నా దగ్గరుంది. ఎవరూ పొరపాటున పాటలు చెరపకుండా దాని అంచున ఉండే చిన్న ప్లాస్టిక్ ముక్కను యాదగిరి ముందే విరిచేశాడు. ఆ కన్నం మీద నేను సెల్లోటేపు అంటించాను. వాడు ఒక్కడే ఎగరాల్సిన పాట దగ్గర రికార్డు బటన్ నొక్కి... కూర్చున్నాను. పాట పోయింది. నా గదిలో ఫ్యాను చప్పుడు ఎక్కింది.

మర్నాడు స్టేజీ మీద యాదగిరి కాలెత్తాడు. స్పీకర్లలో గరగరమని ఫ్యాను. వాడు ఆ కాలు అలాగే పట్టుకుని నిలబడిపోయాడు. జనం ఒకటే నవ్వు. క్యాసెట్ పాడైందనుకున్నారు. ఆ రోజు నుంచి వాడి పేరు 'ఖాళీ క్యాసెట్'. నేనూ అలాగే పిలిచాను. వాడు మళ్లీ ఎక్కడా ఎగరలేదు... తన పెళ్లి బరాత్‌లో కూడా.

ఈమధ్య మా బిల్డింగు వార్షికోత్సవానికి తొంభైల హిట్ పాటల డాన్సులు పెట్టారు. మా సిబ్బందికీ ఒక పాటకు అవకాశమిచ్చారు. యాదగిరిని అడిగాను.

"ఖాళీ క్యాసెట్ గాన్ని మల్ల స్టేజెక్కిస్తవా? ఒక్కపారి నవ్వింది సాలలేదా?" అన్నాడు.

నవ్వుతూనే అన్నాడు. అదే ఇంకా గుచ్చుకుంది.

ఆ వారమే ఒక రాత్రి ఏడో అంతస్తులో లైట్లు టెస్టు చేసే పని పడింది. ఖాళీ అంతస్తు. కుర్చీ లేదు, బల్ల లేదు. పైన వరుసగా సెన్సర్ లైట్లు. కింద మనిషి కదిలితే వెలుగుతాయి, కదలకపోతే ఆరిపోతాయి. టెస్టు కోసం రెండు సెకన్లకే ఆరిపోయేలా పెట్టాను. పాట ఎంచుకుందామని మా ఆ పాత క్యాసెట్, టేప్ రికార్డర్ వెంట తెచ్చుకున్నాను. పని ముగిశాక ఒక మూల గోడకానుకుని కూర్చుని బటన్ నొక్కాను.

ఒక పాట. టక్. ఇంకో పాట. టక్. కదలకుండా కూర్చున్నాను కదా... నా పైన లైటు ఆరిపోయింది. అంతా చీకటి. ఫ్లైఓవర్ మీది కార్ల వెలుగు మాత్రం అద్దాల మీద పాకుతోంది. ఇక నేను చెరిపిన చోటు వస్తుంది. ఫ్యాను వస్తుంది.

టక్.

ఫ్యాను రాలేదు.

డోలక్... తర్వాత కీబోర్డు... తర్వాత 'హోయ్' అని కోరస్. ఆ పాటే. నా చేత్తో నేను చెరిపిన పాట.

ఆ చివర... ఒక లైటు వెలిగింది.

దాని కింద ఎవరూ లేరు.

దానికి కుడివైపు ఇంకోటి వెలిగింది. మొదటిది ఆరింది. ఆ పక్కన ఇంకోటి... తర్వాత వెనక్కి, ఎడమకి ఒకటి. అది మాత్రం కాసేపు ఆరలేదు. మళ్లీ కుడికి రెండు. ఎడమకి ఒకటి. నున్నటి నేల మీద కాలు గిరుక్కున తిరిగిన చప్పుడు... కిర్ర్... స్పష్టంగా. పదేళ్లుగా ఆ సెన్సర్లు బిగిస్తున్నాను. అవి గాలికి వెలగవు.

ఇంతలో పక్కన తలుపు తెరుచుకుంది. నా పైన లైటు వెలిగింది. యాదగిరి. చేతిలో టార్చి.

"ఎవలే గాడ? లైట్లు గిట్ల ఎగురుతున్నయేంది?" అంటూనే ఆగిపోయాడు. పాట విన్నాడు. "మల్లేశా... గిది నా పాటనే గదా? ఆనాడు ఖరాబైంది గదా?"

పాట అయిపోయింది. ఆ చివర చీకటి.

"ఖరాబు గాలే యాదగిరీ," అన్నాను. "నేనే చెరిపిన. నీకొచ్చే ఈలలు ఓర్వలేక..." సెల్లోటేపు, ఫ్యాను, మొత్తం చెప్పాను.

వాడు టార్చి నా ముఖం మీదికి తిప్పాడు. కొడతాడనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను.

"మాఫ్ గీఫ్ తర్వాత సంగతి," అన్నాడు. "ముందు ఎనకకు తిప్పు."

తిప్పాను. నొక్కాను. టక్... గరగరమని ఫ్యాను. మధ్యలో నా దగ్గు, ఆ పడుచు వయసు దగ్గు. మూడుసార్లు వేశాం. మూడుసార్లూ అంతే.

యాదగిరి బూట్లు విప్పాడు. టోపీ నా చేతిలో పెట్టాడు. "కానియ్. ఫ్యానుకే ఎగురుత."

ఎగిరాడు. యాభై దగ్గరపడినవాడు, మోకాళ్లు పట్టేసినవాడు. కుడికి రెండు, ఎడమకి ఒకటి, గిరుక్కున! వాడు ఎక్కడ కాలు పెడితే అక్కడ లైటు. నేను ఈల వేశాను. అప్పుడే చూశాను... ఆ చివర, ఖాళీ చోట, ఇంకో వరుస లైట్లు వాడితో పాటే కదులుతున్నాయి. వాడూ చూశాడు. ఆగలేదు. ఇంకా గట్టిగా ఎగిరాడు.

వార్షికోత్సవం రోజు ఆ పాటే, ఇంటర్నెట్‌లోంచి తీసి, పెట్టించాం. మొదలయ్యే ముందు నేను మైకు తీసుకున్నాను. హౌస్‌కీపింగులో, సెక్యూరిటీలో పనిచేసే మా ఊరివాళ్లందరూ అక్కడే ఉన్నారు. వాళ్ల ముందే నేను చేసింది చెప్పాను. తర్వాత యాదగిరి స్టేజెక్కాడు. పాట సగం కాకముందే కంప్యూటర్ల ముందు కూర్చునే పిల్లలంతా కుర్చీలెక్కారు. ఈలల్లో పాట వినబడలేదు. మా ఊరివాళ్లు వాణ్ని భుజాల మీదికెత్తుకుని "యాదగిరీ! యాదగిరీ!" అని అరిచారు. వాడి అసలు పేరు అంతమంది నోట విని ఎన్నేళ్లయిందో.

మాఫీ 'తర్వాత సంగతి' అన్నాడే, ఆ తర్వాత ఇంకా రాలేదు. నేనూ అడగలేదు.

సెన్సర్లన్నీ విప్పి చూశాను. ఒక్కదానిలోనూ లోపం లేదు. చెరిపిన పాట ఆ ఒక్కసారి ఎలా పలికిందో, ఆ చివర ఎవరున్నారో నాకు ఇప్పటికీ తెలియదు. మొన్న లిఫ్టులో యాదగిరిని అడిగాను... భయం వేయలేదా, అది ఎవరనుకున్నావని.

"ఎవలైతేంది బే," అన్నాడు. "స్టెప్పు మాత్రం ఒక్కటి తప్పలే."