నాలుగు రోజుల ఏరు

నా చిన్నప్పుడు ఏరు అంటే నాకు ఇసుకే. నాగలమడిక పక్కన పినాకిని ఏడాదిలో ఎక్కువ నెలలు ఎండి ఉండేది. అందులోనే మేకలు తోలేవాళ్లం, అడ్డంగా నడిచి అవతలి ఊరికి పోయేవాళ్లం. పైన ఎక్కడో గట్టి వాన పడితే నీళ్లు వచ్చేవి. మావాళ్లు దాన్ని వరద అనేవారు కాదు. చుట్టం వచ్చినట్టు, ఏరు వచ్చింది అనేవారు.

నాకు ఎనిమిదేళ్లప్పుడు అలా ఏరు వచ్చింది. చేపలు పట్టేవాళ్లు ఎక్కడినుంచో ఒక పుట్టి తెచ్చి ఒడ్డున పెట్టారు. వెదురుతో అల్లిన గుండ్రటి పడవ అది. దాన్ని చూసి మా తాతయ్య పసిపిల్లాడైపోయాడు. ఏటి పక్కనే పుట్టి పెరిగినా ఆయన ఎన్నడూ పుట్టి ఎక్కలేదు. అవతల పనేమీ లేదు. ఊరికే మెల్లగా దిగువకు పోయి, ఎక్కడో సద్ది తిని, గట్టు వెంట నడిచి రావాలని ఆయన కోరిక. నన్ను తోడు రమ్మన్నాడు.

నాకేమో పై ప్రాణాలు పైనే పోయాయి. ఎర్రనీళ్లు కంపచెట్లను గిరగిరా తిప్పుతూ లాక్కుపోవడం చూశాను మరి. మొదటి రెండు రోజులు ఉధృతి తగ్గనీ అని తాతయ్యే ఆగాడు. మూడో రోజు మా నాయనమ్మ, జేజి, సద్ది కట్టింది. నేను కడుపునొప్పి అన్నాను. తాతయ్య నా మొహం చూసి, "రేపు పోదాంలే పాపా" అన్నాడు. నాలుగో రోజు తలనొప్పి అన్నాను. మళ్లీ రేపే అయింది.

అయిదో రోజు పొద్దున పోయి చూస్తే ఏరు లేదు. అక్కడక్కడా మడుగులు, ఇసుకలో ఒరిగిన పుట్టి. గండం తప్పిందనుకున్నాను గానీ తాతయ్య మొహం చూశాక ఏడుపొచ్చింది. అంతలో పక్కింటి మామ, "ఏంది పెద్దాయనా, సద్ది కట్టించుకోని ఎక్కనే లేదే?" అని అడిగాడు. తాతయ్య నా పేరు చెబుతాడని ఆయన వెనక్కి నక్కాను.

"భయమైందప్పా. నాకు ఈత రాదు కదా" అన్నాడు తాతయ్య. అందరూ నవ్వారు. చాలాకాలం ఆయన్ని పుట్టితాత అని ఏడిపించారు.

ఆ రోజు ఇంటికి పోయే దారిలోనే నేను నిజం చెప్పేశాను. ఆయనకు కోపం రాలేదు. "నాకు తెలుసులే. నువ్వు ముందే చెప్పింటే బాగుండేది పాపా. ఇద్దరమూ భయపడతానే పోయి వచ్చింటిమి" అన్నాడు. మళ్లీ ఏరు వచ్చేసరికి ఆయన లేడు.

ఇప్పుడు మా కోడలు వల్లూరు వైపు సోలార్ పార్కులో పని చేస్తుంది. సెలవు పెట్టి, నన్ను తీసుకుని, కేరళ కాలువల్లో రెండు రోజులు పడవలో నిదానంగా తిరగాలని ప్లాను వేస్తోంది. ఫోనులో ఆ పడవ చూపించినప్పటి నుంచి నాకు అన్నం సయించడం లేదు. లైఫ్ జాకెట్లు ఇస్తారా అని ఎన్నిసార్లు అడిగానో. నిన్న మోకాళ్లు నొప్పి, నేను రానని చెప్పబోయాను. ఈ వయసులోనూ నా నోటికి మొదట వచ్చేది సాకే. తాతయ్య అన్న మాట గుర్తొచ్చి ఆగాను.

"నాకు భయమైతాదమ్మా" అన్నాను.

ఆ పిల్ల ఫోను పక్కన పెట్టి, "నాకూ ఈత రాదత్తా" అంది.

టికెట్లు తీయమన్నాను.