పెద్దమ్మ నింపిన బస్సు

ఆ రోజుల్లో సర్కారు దుబారా అంతా నేనొక్కదాన్నే ఆపగలనని గట్టిగా నమ్మేదాన్ని. చదువు అయిపోగానే సూరత్ సిటీ బస్సుల సర్వేలో తాత్కాలిక ఉద్యోగం దొరికింది. ఏ ట్రిప్పులో ఎంతమంది ఎక్కుతున్నారు, ఎందుకు వెళ్తున్నారు అన్నది రాసుకోవాలి. ఖాళీగా తిరిగే ట్రిప్పులను రద్దు చేసి ప్రజాధనం కాపాడతారు. నా పని జనాన్ని లెక్కపెట్టడం (జనం మాత్రం నన్ను లెక్కచేసేవారు కాదు). మొదటి వారంలోనే నాకు ఖాళీగా దొరికింది గోడాదరా నుంచి అడాజన్ వెళ్లే మధ్యాహ్నం బస్సు. అందులో తప్పకుండా ఎక్కేది మా పెద్దమ్మ. తాపీ నది అవతలి ఫ్లాట్లలో సాయంత్రం రొట్టెలు చేయడానికి వెళ్లేది. ఆ బస్సు పోతే ఆవిడ పనీ పోయినట్టే. ఆటోకి పెడితే కూలి మిగలదు.

“జర నలుగుర్ని ఎక్కువ రాయరాదె,” అంది పెద్దమ్మ, నాకు అన్నం వడ్డిస్తూ.

“లేనోళ్లను ఎట్ల రాస్త పెద్దమ్మా?”

“గట్లయితే ఉన్నోళ్లనే తెస్త తియ్యి.”

మర్నాడు బస్సెక్కి చూస్తే మా గల్లీ అంతా అందులోనే ఉంది. చీరలకు రాళ్లు అతికించే పక్కింటి ఆవిడ (మాకు రాళ్ల వదిన) సగం అయిన చీరను ఒళ్లో పెట్టుకుని మరీ వచ్చింది. కండక్టర్ బిత్తరపోయి, “షాదీ హై క్యా, మాసీ?” అన్నాడు.

“హా, ఇసీ బస్ కీ,” అంది పెద్దమ్మ, పెళ్లి ఈ బస్సుకే అన్నట్టు.

నేను ముఖం గంటు పెట్టుకుని రాళ్ల వదినను అడిగాను, “ఎందుకు పోతున్నవ్ వదినా?”

“ఏమంటే బస్సు ఉంటదో నువ్వే చెప్పు,” అంటుండగానే బస్సు వంతెన ఎక్కింది. వదిన చేతిలోని రాయి చేతిలోనే ఉండిపోయింది. పెళ్లై సూరత్ వచ్చినప్పటి నుంచీ ఆవిడ ఇంత దూరం వచ్చిందే లేదట. “గిదేనా తాపీ? గింత నది మన ఊర్లనే ఉన్నదా?” అంది, ఎవరినీ ఉద్దేశించకుండా. బస్సంతా కిటికీల వైపు ఒరిగింది.

నా నిజాయితీ ఊరుకుంటుందా? ఆ రోజు లెక్క చెల్లదని మా ఆఫీసరుకు చెప్పేశాను. రేపు తనే వచ్చి చూస్తానన్నాడాయన. ఇంట్లోనూ చెప్పాను. పెద్దమ్మ నాతో మాట్లాడటం మానేసింది. అన్నం మాత్రం మామూలు కన్నా ఎక్కువే పెట్టింది.

ఆఫీసరు వచ్చేసరికి బస్సులో పెద్దమ్మ ఒక్కతే, కిటికీ వైపు తిరిగి కూర్చుని ఉంది. బస్సు కదలబోతుంటే వెనక నుంచి కేక. “జర ఆపుండ్రి, మా అత్త కూడ నది చూస్తదంట.” రాళ్ల వదిన, వాళ్ల అత్త, ఆ వెనక నిన్నటి వాళ్లే ఇంకొందరు.

“నేను పిలువలే,” అంది పెద్దమ్మ నా చెవిలో. అప్పుడే మళ్లీ మాట్లాడటం.

ఎక్కడికని ఆఫీసరు అడిగితే, “తాపీ దేఖ్‌నే, సాబ్,” అంది ముసలామె తాపీగా. ఆయన నాతో, “లిఖో, ఘూమ్‌నే,” అన్నాడు. వైద్యం, చదువు, ఉద్యోగం తప్ప షికారుకు మా కాగితంలో గడి లేదు. నేనే ఒకటి గీసుకున్నాను. బస్సు రద్దు కాకుండా నిలిచింది.

ఇప్పటికీ స్కూటీ మొరాయించినప్పుడు ఆ బస్సే ఎక్కుతాను. సీటు దొరకదు. వంతెన మీద కొంగుల సందులోంచి దొరికినంత నదిని చూస్తూ అప్పటి అమ్మాయిని తలుచుకుంటాను. పాపం, రోజూ ఇదే వంతెన దాటేది కానీ ఒక్కసారీ బయటికి చూసి ఎరగదు. తలలు లెక్కపెడుతూ ఉండేది.