ఎర్మీనియా తెడ్డెత్తిన ఆదివారం

ఎర్మీనియాకు నోరు పెద్దది. చెయ్యి అంతకన్నా పెద్దది. మార్కె కొండల్లో ఆవిడ నడిపే పూటకూళ్లింట్లో తాగి వాగినవాణ్ని చొక్కా పట్టుకుని వీధిలో పారేసిన రోజులు ఊరందరికీ గుర్తే. అంతటి మనిషీ మొగుడు బతికున్నన్నాళ్లూ ఆ వంటింట్లోనే తన్నులు తిన్నది. తలుపు మూసుకుని తినేది, కళ్లు తుడుచుకుని వడ్డించేది. ఆ చప్పుళ్లు బల్లల దగ్గరివాళ్లకు వినబడేవి. చెవుల్లో సీసం పోసుకున్నట్టు కూర్చుని, తిని, మూతి తుడుచుకుని పోయేవారు మహానుభావులు! ఆయన పోయాక ఆవిడ ఏడవలేదు. మర్నాడే పొయ్యి వెలిగించింది.

ఆ ఆదివారం మధ్యాహ్నం అడవిపంది వేట నుంచి జట్టంతా కొండ దిగి వచ్చింది. బూట్ల నిండా బురద, కడుపుల నిండా ఆకలి. జట్టులో ఎర్మీనియా తమ్ముడు నజ్జరేనో ఉన్నాడు, అల్లుడు ఫౌస్తో ఉన్నాడు. కూతురు లోరెట్టా కూడా వచ్చి మొగుడి పక్కన కూర్చుంది.

ఎర్మీనియా రాగి బాన ఎత్తి, ఉడుకుడుకు మొక్కజొన్న సంకటిని బల్ల మీది చెక్కపలక మీద కుమ్మరించి తెడ్డుతో పరిచింది. పైన టమాటా గుజ్జు, జున్ను తురుము, నట్టనడుమ సాసేజీలు. పళ్లేలుండవు. ఎవరి అంచు నుంచి వాళ్లు తింటూ నడుమకు రావాలి. ముందు చేరినవాళ్లదే మాంసం. పక్కవాళ్ల వాటాలో ఫోర్కు పెట్టినవాడు దొంగ. తాతల నాటి నుంచీ అంతే.

"ఒరేయ్ నజ్జరేనో, తింటున్నావా, బావి తవ్వుతున్నావా?" అన్నాడు జట్టులో ఒకడు.

"నీ గొయ్యి సంగతి నువ్వు చూసుకోరా!"

అందరికన్నా ముందు లోరెట్టా చేరింది. చిన్నప్పటి నుంచీ అంతే, నాలుక కాలినా ఆగదు. "అదీ నా మేనకోడలంటే!" అని నజ్జరేనో బల్ల చరిచాడు. ఆమె సాసేజీకి ఫోర్కు గుచ్చబోయింది. ఫౌస్తో ఆమె వాటా మీదుగా చెయ్యి చాపి దాన్ని లాక్కున్నాడు.

"నీకెందుకే ఇంత ముక్క?"

"దొంగ! దొంగ!" అని జట్టంతా నవ్వింది. లోరెట్టా నవ్వలేదు. ఫోర్కు కింద పెట్టి, చేతులు ఒళ్లో దాచుకుని, ఊపిరి బిగబట్టి కూర్చుంది. ఆ కూర్చోవడం ఎర్మీనియాకు బాగా తెలుసు. అలా తను ఏళ్ల తరబడి కూర్చుంది.

తెడ్డు లేచి ఫౌస్తో మణికట్టు మీద దిగింది. ఎముక పటుక్కుమంది. వాడు కేక పెట్టి, రెండో చేత్తో ఆవిడ జుట్టు పట్టి ముఖాన్ని వేడి సంకట్లోకి గుద్దాడు. చెంప కాలింది. ఆవిడ వాడి బొటనవేలు కొరికి, విడిపించుకుని లేచి, మూతి మీద ఇంకొకటి ఇచ్చింది. పలక మీద నెత్తురు పడింది.

జట్టువాళ్లు ఇద్దర్నీ విడదీశారు. "పిచ్చెక్కిందా అక్కా? సాసేజీ ముక్కకు చెయ్యి విరగ్గొడతావా?" అని నజ్జరేనో అరిచాడు.

"ముక్క కోసం కాదురా! వీడు దాన్ని కొడుతున్నాడు!"

"నువ్వు చూశావా?" ఫౌస్తో నెత్తురు ఉమ్మాడు. "అడగండి దాన్నే. చెప్పవే లోరెట్టా!"

"లేదు," అంది లోరెట్టా గొణిగినట్టు.

"విన్నారుగా. కారు తియ్యి, ఆస్పత్రికి పోదాం."

లోరెట్టా తాళాలు తీసుకుని లేచింది. ఆ కారెక్కితే పిల్ల ఇక తనకు దక్కదని ఎర్మీనియాకు తెలుసు. గుమ్మానికి అడ్డంగా నిలబడింది. ఒళ్లు తెలియని కోపం ముంచుకొచ్చింది.

"కూర్చోవే! వాడి వెంట అడుగు వేశావో, చంపేస్తాను!" అంటూ కూతురి మీదే తెడ్డెత్తింది.

లోరెట్టా గోడ వారన కూలబడిపోయింది. రెండు చేతులూ తలకు చుట్టుకుంది.

"కొట్టకు ఫౌస్తో! ఇంకెప్పుడూ చెయ్యను, ఇంకెప్పుడూ చెయ్యను..."

నజ్జరేనో ముఖం పాలిపోయింది. వెళ్లి ఫౌస్తో కాలరు పట్టుకుని, వాడు మూలుగుతున్నా వినకుండా, బయటికి ఈడ్చుకుపోయాడు. జట్టులో ఒకడు లేచి తలుపు తెరిచి పట్టుకున్నాడు.

ఎర్మీనియా తెడ్డు పారేసి కూతురి పక్కన నేల మీద చతికిలబడింది.

"నేనే తల్లీ, అమ్మను. కొట్టను. ఇటు చూడు, ఉత్త చేతులు. కొట్టనమ్మా..."

లోరెట్టా చేతులు దించలేదు.